ఒక హోల్ టీ నుంచి ఇంకో హోల్ గ్రీన్‌కి: సొంత దారుల్లో గోల్ఫ్ ఆడాలంటే

మీరు అడిగింది ఇదీ: మిషిగన్‌లో మీ ఊరి పబ్లిక్ కోర్సులో మీరు నలుగురూ ఏళ్లుగా అవే పద్దెనిమిది హోల్స్ ఆడుతున్నారు. సీజన్ చివర్లో కోర్సు దాదాపు ఖాళీగా ఉంటుంది కాబట్టి, ఒక హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద మొదలుపెట్టి ఇంకెక్కడో ఉన్న గ్రీన్‌లో (జెండా, గుంట ఉండే నున్నటి గడ్డి) ముగించేలా సొంత దారులు వేసుకుని ఆడాలని ఉంది. అసలు అలా ఆడనిస్తారా, దారులు ఎలా వేసుకోవాలి, స్కోరు ఎలా లెక్కపెట్టాలి, ఈ మధ్యే ఆట మొదలుపెట్టిన మీ బావమరిదిని కూడా తీసుకురావచ్చా అని నాలుగు ప్రశ్నలు. నేను ఉండేదీ మిషిగన్‌లోనే. మా క్లబ్బులో ఏటా అక్టోబరు చివర ఇలాంటి ఆట ఒకటి పెడతాం, దానికి దారులు వేసే పని చాలా కాలంగా నాదే. కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు అనుమతి సంగతి. ప్రో షాపులో (కోర్సు దగ్గర బుకింగులు చూసే దుకాణం) అడిగి, వాళ్లు సరేనంటేనే ఆడండి. అడిగేటప్పుడు "ఊరికే అటూ ఇటూ ఆడుకుంటాం" అంటే ఎవరూ ఒప్పుకోరు. కోర్సు మ్యాప్ ఒకటి తీసుకుని, ఏ టీ నుంచి ఏ గ్రీన్‌కి వెళ్తారో పెన్సిల్‌తో గీతలు గీసి, ఏ రోజు ఎన్ని గంటలకో రాసి చూపించండి. వీలైతే గ్రౌండ్ సూపరింటెండెంట్‌తో కూడా మాట్లాడండి. ఏ గ్రీన్‌కి ఎరువు వేశారు, ఎక్కడ నేల మెత్తగా ఉంది, ఆ రోజు గడ్డి కోసేవాళ్లు ఎటువైపు ఉంటారు అన్నవి ఆయనకే తెలుస్తాయి. నా అనుభవంలో ఆయన మాట తీసుకుని వచ్చినవాళ్లకి షాపులో ఎవరూ అడ్డు చెప్పలేదు. కొన్ని కోర్సుల్లో రెండు హోల్స్ మధ్య తెల్ల కర్రలు పాతి ఉంటాయి. కోర్సు లోపలే అవుట్ ఆఫ్ బౌండ్స్, అంటే బంతి దాటకూడని హద్దు అన్నమాట. అవి సాధారణంగా మనుషుల భద్రత కోసం పెట్టినవి. మీ ఆటకి ఆ నియమం వర్తించదని మీరే తీర్మానించుకోకండి. ఆ గీత దాటే దారి అసలు వేయకండి.

ఇది కొత్త వింతేమీ కాదని షాపులో చెప్పడానికి మీకు కొంత చరిత్ర కూడా తెలిసి ఉండాలి. స్కాట్లాండ్‌లో ఆట మొదలైన రోజుల్లో హోల్స్ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవడం మామూలే. 1860లో మొదటి ఓపెన్ (బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ) జరిగిన ప్రెస్ట్‌విక్‌లో పన్నెండు హోల్స్ ఉండేవి, వాటి దారులు ఒకదాని మీదుగా ఒకటి పోయేవి. ఆ పన్నెండూ ఒకే రోజున మూడుసార్లు ఆడితే పోటీ అయిపోయింది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఇప్పటికీ ఏడు గ్రీన్లు జంట గ్రీన్లే, ఒక్కోదానిలో రెండేసి జెండాలు ఉంటాయి. ఆ కోర్సుని ఒకప్పుడు ఇప్పటి దిశకి వ్యతిరేకంగా, అంటే ఈ హోల్ టీ నుంచి పక్క హోల్ గ్రీన్‌కి వెళ్లేలా ఆడేవారు. నేల ఒకటే, గ్రీన్లు అవే, దారి మాత్రం వేరు.

మన రాష్ట్రంలోనే దీనికి దగ్గరి చుట్టం ఉంది. రాస్కామన్ దగ్గర ఫారెస్ట్ డ్యూన్స్‌లో కోర్సులు డిజైన్ చేసే టామ్ డోక్ వేసిన 'ది లూప్' 2016లో మొదలైంది. పద్దెనిమిది గ్రీన్లని ఒక రోజు గడియారం తిరిగే దిశలో, మర్నాడు ఎదురు దిశలో ఆడతారు. మీ నలుగురూ ఈ సొంత దారుల ఆట (దీన్నే క్రాస్ కంట్రీ అంటారు) మొదలుపెట్టే ముందు వీలైతే రెండు రోజులు అక్కడ ఆడి రండి. ఒకే గ్రీన్ రెండు వైపుల నుంచి ఎంత వేరుగా ఉంటుందో పుస్తకాల్లో చదివితే ఎక్కదు, అక్కడ నిలబడితే తెలుస్తుంది. టామ్ డోకే జిమ్ అర్బీనాతో కలిసి ఒరెగాన్‌లో బ్యాండన్ దగ్గర సముద్రపు ఒడ్డున షీప్ రాంచ్‌లో పదమూడు గ్రీన్లు వేశారు. అక్కడ హోల్ నంబర్లు లేవు, ఎక్కడి నుంచి ఎక్కడికి ఆడాలో వచ్చినవాళ్లే అనుకుని ఆడేవాళ్లు. 2020లో అదే నేల మీద బిల్ కోర్, బెన్ క్రెన్‌షా మామూలు పద్దెనిమిది హోల్స్ కోర్సు తెరిచారు. బాగుంది, కాదనను. కానీ ఆ పాత పద్ధతి పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పోటీల్లో మాత్రం ఇలాంటి దారులకి తలుపులు మూసేస్తారు. మనకి సరిహద్దు దాటితే వచ్చే టొలీడోలో, ఇన్వర్నెస్ క్లబ్‌లో 1979 యూఎస్ ఓపెన్ జరిగింది. ఎనిమిదో హోల్ పార్ ఫైవ్ (ఐదు షాట్లలో ముగించాలని లెక్క), ఎడమకి వంపు తిరుగుతుంది. లాన్ హింకిల్ టీ మీద నిలబడి చెట్ల మధ్య సందు చూసి, బంతిని పక్కనున్న పదిహేడో హోల్ ఫెయిర్‌వేలోకి (టీ నుంచి గ్రీన్ దాకా కోసి ఉంచే గడ్డి దారి) కొట్టి అక్కడి నుంచి గ్రీన్‌కి దగ్గరి దారి పట్టాడు. మర్నాడు పొద్దున్నకి ఆ సందులో ఒక స్ప్రూస్ చెట్టు నిలబడి ఉంది, రాత్రికి రాత్రే తెచ్చి పాతేశారు. అతను రెండో రోజు దాని మీదుగా కొట్టాడు. 2021 ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో కూడా అంతే. బ్రైసన్ డిషాంబో పద్దెనిమిదో హోల్‌ని నీళ్లకి అవతల ఉన్న తొమ్మిదో హోల్ వైపు నుంచి ఆడే ఆలోచన చెప్పగానే, అటువైపు అవుట్ ఆఫ్ బౌండ్స్ చేసేశారు. కారణం న్యాయమైనదే. పక్క ఫెయిర్‌వేలో మనుషులున్నారు, ప్రేక్షకులున్నారు. మీ విషయంలోనూ మొత్తం ప్రశ్న ఇదే: బంతి పోయే చోట ఎవరైనా ఉన్నారా?

అందుకే భద్రత గురించి కాస్త గట్టిగా చెప్తాను. వేరే గుంపు ఒక్కటి ఆడుతున్నా వాళ్లదే మొదటి హక్కు. వాళ్లు మీ గీత పూర్తిగా దాటేదాకా బ్యాగులోంచి క్లబ్ తీయకండి. నేలలో ఎత్తు వచ్చి అవతల ఏముందో కనిపించకపోతే ఒకరు ముందుకి నడిచి ఆ ఎత్తు మీద నిలబడాలి. ఆయన చెయ్యెత్తితేనే కొట్టాలి. "ఫోర్!" (బంతి వస్తోంది, జాగ్రత్త) అని అరిస్తే చాలనుకోవద్దు. గడ్డి కోసే యంత్రం మీద కూర్చున్న మనిషి చెవులకి మఫ్స్ పెట్టుకుని ఉంటాడు, మీరెంత అరిచినా వినపడదు. ఆయన తలెత్తి మీ వైపు చూసి చేత్తో సైగ చేసేదాకా ఆగండి. రోడ్డు, పార్కింగ్, క్లబ్ హౌస్, పక్క ఇళ్ల పెరళ్లు ఉన్న దిక్కుకి ఏ దారీ వద్దు. మీలో బంతి కుడికి వంగేవాళ్లు ఉంటే, గీతకి కుడివైపున ఏముందో కూడా చూసుకోవాలి. మీ నలుగురిలో అందరికన్నా దూరం కొట్టేవాళ్ల మంచి షాట్ ఎంత పోతుందో, ఇంకో యాభై గజాలు కలిపి అంత మేరా ఖాళీగా కనబడాలి. అక్టోబరు సాయంత్రాల్లో ఇంకొకటి: సూర్యుడు కిందకి వచ్చాక పడమటి వైపు ఆడితే బంతీ కనబడదు, మనుషులూ కనబడరు. చివరి రెండు హోల్స్ తూర్పుకో ఉత్తరానికో ఉండేలా చూసుకోండి.

ఇక దారులు వేయడం. అందరూ చేసేది ఏమిటంటే, మ్యాప్ ముందు పెట్టుకుని వీలైనంత పొడుగు గీత గీయడం. ఒకటో టీ నుంచి పదో గ్రీన్ దాకా వెయ్యి గజాలు అని సంబరపడతారు. ఆడితే తెలుస్తుంది, అందులో సగం దూరం ఊరికే బంతిని ముందుకి తోయడమే. అలాంటిది రోజుకి ఒకటి చాలు. బాగా గుర్తుండిపోయే హోల్స్ దూరం వల్ల రావు, గ్రీన్‌లోకి వచ్చే కోణం వల్ల వస్తాయి. కాబట్టి గ్రీన్‌తో మొదలుపెట్టండి. మీ కోర్సులో మీకు బాగా తెలుసనుకున్న గ్రీన్ ఒకటి ఎంచుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి, పాతిక అడుగులకొకసారి ఆగి జెండా వైపు చూడండి. ఎక్కడ ఆగినప్పుడు "ఇక్కడి నుంచి ఎలా కొట్టాలి?" అనిపిస్తుందో, హోల్ అటువైపు నుంచి రావాలి. అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ పోతే మొదలుపెట్టే చోటు దానంతటదే దొరుకుతుంది.

ఎందుకంటే చాలా గ్రీన్లు తమ ఫెయిర్‌వే వైపు నుంచి వచ్చే బంతిని ఆపడానికే కట్టి ఉంటాయి. వెనక ఎత్తు, ముందు పల్లం. మీరు వెనక నుంచి వస్తే గ్రీన్ మీకు దూరంగా వాలుతుంది. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) కొట్టిన బంతి కూడా ఆగదు, జారుకుంటూ ముందువైపు బంకర్‌లోకి (ఇసుక గొయ్యి) పోతుంది. అప్పుడు బంతిని గ్రీన్‌కి పది పదిహేను గజాల ముందే దించి దొర్లించాలి. అంటే గ్రీన్ వెనక ఉన్న నేల, ఇంతకాలం మీరు కన్నెత్తి చూడనిది, మీకు ముఖ్యమవుతుంది. అక్కడ గడ్డి ఎంత ఎత్తు, తడిగా ఉందా, స్ప్రింక్లర్ తల ఎక్కడుంది అని చూస్తారు. పక్క నుంచి వచ్చినప్పుడు ఇంకో మార్పు: పొడుగ్గా ఉండే గ్రీన్ అడ్డంగా తిరిగి, దింపడానికి పది గజాల లోతు మాత్రమే మిగులుతుంది. బంకర్లు కూడా మామూలు దారిలో వచ్చేవాళ్లకి కనపడేలా ముందువైపు తవ్వి ఉంటాయి. వెనక నుంచి చూస్తే వాటి ఇసుక అసలు కనబడదు, గడ్డి అంచు మాత్రమే కనబడుతుంది. అక్కడ గొయ్యి ఉందని గుర్తుపెట్టుకుని ఆడాల్సిందే.

మా కోర్సులో అందరూ మళ్లీ మళ్లీ అడిగే హోల్ ఒకటి చెప్తాను. ఆరో గ్రీన్ వెనక నేల కాస్త ఎత్తుగా ఉంటుంది. అక్కడి నుంచి పదకొండో గ్రీన్‌కి నూట ముప్పై గజాలు ఉంటుందేమో. మధ్యలో పాత ఓక్ చెట్లు రెండు, వాటి మధ్య సందు. మామూలుగా పదకొండు మా కోర్సులో తేలిక హోల్, వెడ్జ్‌తో కొట్టేసి పోతాం. ఈ వైపు నుంచి మాత్రం గ్రీన్ ఎడమ నుంచి కుడికి వాలుతుంది, కుడి పక్కన చెరువు. సందులోంచి ఎత్తుగా కొడితే కొమ్మలు తగులుతాయి. తక్కువ ఎత్తులో ఏడో ఐరన్‌తో పంచ్ కొట్టి, గ్రీన్ ఎడమ అంచు మీద దించితే వాలు బంతిని జెండా దగ్గరికి తీసుకెళ్తుంది. మూడు వందల గజాలు కొట్టే కుర్రాడికీ, రిటైరైన పెద్దాయనకీ అక్కడ సమానమైన అవకాశం. పెద్దాయన గెలవడమే ఎక్కువ చూశాను.

మీకు పద్దెనిమిది అక్కర్లేదు. ఆరు చాలు, మహా అయితే తొమ్మిది. ఒక చాలా పొడుగుది, వంద గజాల లోపు రెండు, మిగతావి మధ్యస్తం. ఒక హోల్ ముగిసిన చోటికి దగ్గరగానే తర్వాతది మొదలవ్వాలి. కార్ట్ తీసుకోకండి, మీ దారులకీ కార్ట్ పాత్‌కీ పొత్తు కుదరదు. పైగా ఆ తడి నేలలో చక్రాల గుర్తులు వసంతం దాకా ఉండిపోతాయి. పద్నాలుగు క్లబ్బులూ మోయాల్సిన పని లేదు, ఐదో ఆరో భుజాన వేసుకోండి. మనిషికి ఐదు క్లబ్బులే అని పెట్టుకుంటే ఆట ఇంకా బాగుంటుందని నా గట్టి నమ్మకం. సగం స్వింగ్‌లు, పంచ్ షాట్లు అప్పుడే బయటికి వస్తాయి. స్ప్రింక్లర్ తలల మీద రాసిన దూరాలు ఆ హోల్ సొంత గ్రీన్‌కి కొలిచినవి, వాటిని నమ్మకండి. ఫోన్ యాప్‌లో మీరు ఆడే గ్రీన్ ఏ హోల్‌దో ఆ నంబర్‌కి మార్చుకుంటే మీరు ఉన్న చోటు నుంచి దూరం సరిగ్గా వస్తుంది.

మొదలుపెట్టే చోటు విషయంలో ఒక మాట. ప్రతిసారీ టీ బాక్స్ నుంచే కొట్టాలని లేదు, గ్రీన్ పక్కన చదునైన రఫ్‌లోంచి (పొట్టిగా కోయని గడ్డి) కూడా మొదలుపెట్టవచ్చు. 1744లో లీత్‌లో రాసిన పదమూడు నియమాల్లో మొదటిది, హోల్‌కి ఒక క్లబ్ పొడవు లోపలే టీ పెట్టాలన్నది. అంత దగ్గర ఇప్పుడు వద్దు, గ్రీన్ పాడవుతుంది. కనీసం గ్రీన్ అంచు, దాని చుట్టూ ఉన్న కాలర్ దాటి పది అడుగులు బయటికి రండి.

స్కోరు దగ్గరికి వస్తే, పార్ మర్చిపోండి. మీరు వేసిన దారికి పార్ ఎవరూ కట్టలేదు, కట్టాల్సిన అవసరమూ లేదు. మ్యాచ్ ప్లే ఆడండి, హోల్ ఎవరు గెలిచారన్నదే లెక్క. ఇద్దరిద్దరు జట్లుగా ఆడితే ఇంకా మంచిది. కొలరాడోలో బ్యాలీనీల్ అనే కోర్సులో టీ మార్కర్లే ఉండవు, ముందు కొట్టే హక్కు గెలుచుకున్నవాళ్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్తారు. మేం దాన్ని తిరగేసి వాడతాం: ఓడిన జట్టు తర్వాతి హోల్ ఎంచుకుంటుంది, అయితే ముందే షాపుకి చూపించిన జాబితాలోంచి మాత్రమే. మ్యాచ్ చివరిదాకా బిగువుగా ఉంటుంది. ఈ స్కోర్లు హ్యాండీక్యాప్‌కి (ఆటగాడి స్థాయి చూపే అంకె) పోస్ట్ చేయకూడదు. రేటింగ్ (కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) ఉన్న కోర్సుని దాని క్రమంలో, నియమాల ప్రకారం ఆడితేనే అది లెక్కలోకి వస్తుంది.

నియమాల్లో రెండు మీకు ప్రతి రౌండ్‌లోనూ ఎదురవుతాయి. ఒకటి, బంతి వేరే హోల్ గ్రీన్ మీద పడటం. అక్కడి నుంచి ఐరన్‌తో కొట్టనే కూడదు. బంతి ఆ గ్రీన్ మీద ఉన్నా, మీరు నిలబడే చోటు దాని మీదకి వస్తున్నా, పెనాల్టీ లేకుండా బయటికి వచ్చి, అడ్డు లేని దగ్గరి చోటు నుంచి ఒక క్లబ్ పొడవు లోపల, మీరు వెళ్తున్న హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేయాలి, అంటే బంతిని చేత్తో కిందకి వదలాలి. మామూలు నియమం కూడా ఇదే, మీరు దీన్ని ఇంకా కచ్చితంగా పాటించాలి. రెండు, పోయిన బంతులు. రాలిన మేపుల్ ఆకుల్లో తెల్ల బంతి కళ్ల ముందే ఉన్నా కనబడదు. నారింజ రంగువి వద్దు, అవి ఆకుల్లోనే కలిసిపోతాయి. పచ్చటి నిమ్మకాయ రంగు కాస్త నయం. వెతకడానికి మూడు నిమిషాలు. దొరక్కపోతే వెనక్కి నడిచి మళ్లీ కొట్టడం ఈ ఆటలో కుదరదు. 2019 నుంచి క్లబ్బులు పెట్టుకోగలిగే లోకల్ రూల్ లాగే, పోయిన చోటికి దగ్గరగా డ్రాప్ చేసి రెండు స్ట్రోకులు కలుపుకోండి.

కోర్సుకి దెబ్బ తగలకుండా చూసుకోవడం మీ చేతుల్లో ఉంది, వచ్చే ఏడు మళ్లీ అనుమతి రావడం దాని మీదే ఆధారపడుతుంది. పొద్దున మంచు పట్టిన గ్రీన్ మీద అడుగు పెట్టవద్దు. గడ్డకట్టిన గడ్డి కాలి కింద విరిగి, అడుగుల ఆకారంలోనే గోధుమ రంగుకి మారుతుంది. మధ్యాహ్నం మొదలుపెట్టండి. మామూలుగా ఎవరూ కొట్టని చోట్ల నుంచి మీరు కొడతారు కాబట్టి డివట్‌లు (క్లబ్ తగిలి గడ్డి ఊడిన గుంటలు) కొత్త చోట్ల పడతాయి, ఇసుకా విత్తనాలూ కలిపిన సీసా వెంట పెట్టుకోండి. గ్రీన్ మీద బంతి గుంట చేస్తే, ఫోర్క్‌ని అంచు బయట గుచ్చి గడ్డిని చుట్టూ నాలుగు వైపుల నుంచి మధ్యకి నెట్టండి, తర్వాత పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) అడుగుతో మెల్లగా నొక్కండి. కింద నుంచి పైకి లేపితే వేళ్లు తెగిపోతాయి, నవంబరులో తెగిన వేళ్లు మళ్లీ పట్టుకోవడానికి అదను ఉండదు.

హైదరాబాద్ నుంచి చదివేవాళ్లకి: గోల్కొండ పక్కన కోర్సు తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు, రాళ్లున్న చోట అడ్డదారి షాట్ ఎటు ఎగిరి వస్తుందో ఊహించలేం. అక్కడ మీకున్న అదృష్టం కేడీలు (బ్యాగు మోసేవాళ్లు). దారి గురించి ముందు వాళ్లని అడగండి, ఒక కేడీని ముందు నిలబెట్టే పనైతే ఆయనకి బంతి వచ్చే దిక్కు చెప్పి, చెట్టు చాటున నిలబడమనండి. క్లబ్ కమిటీ ఒప్పుకోకుండా మాత్రం వద్దు.

ఇక మీ బావమరిది. తీసుకురండి. కొత్తవాళ్లకి మామూలు రౌండ్‌లో పెద్ద టెన్షన్ వెనక గుంపు తరుముకొస్తుందని, పార్ ఫోర్‌లో తొమ్మిది కొట్టామని. ఇక్కడ ఆ రెండూ లేవు. కాకపోతే ఆయన బంతి ఎటు పోతుందో ఆయనకే తెలియదు కాబట్టి, ఆయన కొట్టేటప్పుడు మిగతావాళ్లందరూ ఆయన వెనకే నిలబడాలి, ఆయన గీతకి రెండు వైపులా ఖాళీ రెట్టింపు ఉండాలి. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) కారులోనే వదిలేసి రమ్మనండి, ఏడో ఐరన్, వెడ్జ్, పటర్ చాలు. ఆయన్ని మీలో బాగా ఆడేవాళ్లకి జోడీగా వేసి, ఇద్దరూ ఒకే బంతిని మార్చి మార్చి కొట్టే పద్ధతి పెట్టండి. వంద గజాల లోపు హోల్స్ రెండూ మొదట్లోనే వచ్చేలా చూడండి, పొడుగుది నాలుగోదిగా పెట్టండి. మీ కోర్సులో ఏ హోల్ పక్కన ఏది ఉందో, ఏ గ్రీన్లు ఎటు వాలుతాయో రాసి పంపితే మొదటి ఆరు దారులూ నేనే గీసి ఇస్తాను.